మీ నెలసరి లెక్క మీరే రాసుకోండి: ఏ రోజున ఏ హార్మోన్ ఏం చేస్తోందో తెలుసుకునే పద్ధతి

మా అమ్మ వంటింట్లో ఫ్రిజ్ పక్కన మేకుకి ఎప్పుడూ ఒక తెలుగు క్యాలెండర్ వేలాడుతూ ఉండేది. పాలు రాని రోజు గడిలో సున్నా, గ్యాస్ బండ మార్చిన రోజు "గ్యా", చీటీ డబ్బు కట్టిన రోజు ఒక టిక్కు. వీటి మధ్య నెలకొక చోట, తిథి, వర్జ్యం అచ్చు వేసిన సందులో బాల్‌పెన్నుతో పెట్టిన చిన్న చుక్క ఉండేది. అదేంటని అడిగితే "నీకెందుకే" అనేది. పెద్దయ్యాక తెలిసింది, అది అమ్మ డేట్ లెక్క అని. ఆ ఒక్క చుక్క ఆవిడకి తర్వాత ఎంత పనికొచ్చిందో చివర్లో చెప్తాను. ముందు ఆ చుక్క పక్కన ఇంకో నాలుగు ముక్కలు ఎలా రాసుకోవాలో, వాటిని బట్టి ఒంట్లో ఏ హార్మోన్ పెరుగుతోందో ఏది తగ్గుతోందో ఎలా పోల్చుకోవాలో చూద్దాం. మూడు నెలలు రాస్తే చాలు, మీ ఒంటి తీరు మీకు చాలావరకు తెలిసిపోతుంది. ఇదంతా ఆరోగ్యంగా ఉండి, హార్మోన్ మాత్రలేవీ వాడని వాళ్ళ కోసం. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే అండం విడుదల ఆగిపోతుంది, మాత్రల మధ్య వచ్చే రక్తస్రావం అసలు నెలసరి కాదు, కాబట్టి ఈ లెక్కలు మీకు సరిపోవు.

ముందు ఒకటో రోజు ఏదో తేల్చుకోండి

చాలామంది ఇక్కడే తప్పుతారు. గోధుమరంగులో ఒక మరక కనబడిన రోజు ఒకటో రోజు కాదు. ప్యాడ్ పెట్టుకోక తప్పనంతగా ఎర్రగా మొదలైన రోజే ఒకటో రోజు, అంతకుముందు వచ్చిన మరకలు పాత సైకిల్ లెక్కలోకి పోతాయి. ఈ ఒకటో రోజు నుంచి మళ్ళీ వచ్చే ఒకటో రోజుకి ముందు రోజు దాకా లెక్కపెడితే వచ్చేదే మీ సైకిల్ పొడవు. 28 అనేది సగటు అంకె మాత్రమే. పెద్దవాళ్ళలో 24 నుంచి 38 రోజుల మధ్య ఎంత వచ్చినా మామూలే, ఒక నెలకీ ఇంకో నెలకీ వారం దాకా తేడా ఉన్నా మామూలే. "నాకు 33 రోజులకి వస్తోంది, ఏదో తేడా ఉంది" అని ఏళ్ళ తరబడి టెన్షన్ పడేవాళ్ళని చూశాను, వాళ్ళకి ఏ తేడా లేదు.

క్యాలెండరైనా సరే, చిన్న నోటుబుక్కైనా సరే, ఫోన్లో యాప్ అయినా సరే, రోజుకి ఒక్క లైను రాయండి. ఎన్నో రోజు, ఎన్ని ప్యాడ్లు, నొప్పి ఉందా, తెల్లబట్ట ఎలా ఉంది, నిద్ర, మనసు ఎలా ఉన్నాయి, ఏమైనా మాత్రలు వేసుకున్నారా, అంతే. నా పుస్తకంలో ఒక లైను ఇలా ఉంటుంది: "18. తెల్లబట్ట తీగలా సాగింది. కుడివైపు పొత్తికడుపులో గంటసేపు సన్నటి నొప్పి. నిద్ర బాగా పట్టింది." రాయడానికి అర నిమిషం పట్టదు. యాప్ వాడేవాళ్ళు ఒక్కటి గుర్తుపెట్టుకోండి, యాప్ చూపించే అండం విడుదల తేదీ చాలాసార్లు ఒక అంచనా, మీరిచ్చిన తేదీల సగటు తీసి చెప్తుంది తప్ప దానికి మీ ఒంట్లో ఏం జరుగుతోందో తెలియదు.

మొదటి సగం: ఈస్ట్రోజెన్ పెరిగే రోజులు

రక్తస్రావం మొదలైన రోజు అండాశయాల నుంచి వచ్చే రెండు ముఖ్యమైన హార్మోన్లు, ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్, రెండూ బాగా తక్కువలో ఉంటాయి. అవి తగ్గాయని మెదడు కింద శనగగింజంత ఉండే పిట్యూటరీ గ్రంథికి తెలుస్తుంది, అది ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్‌ని కొంచెం ఎక్కువ వదులుతుంది. దాంతో అండాశయంలో కొన్ని నీటిసంచుల్లాంటివి, ఫాలికల్స్ అంటారు, పెరగడం మొదలుపెడతాయి. వాటిలో ఒకటి ముందుకి దూసుకుపోతుంది, మిగతావి ఎండిపోతాయి. ఆ ఒక్కటే ఈస్ట్రోజెన్ తయారుచేస్తూ పోతుంది, ఆ ఈస్ట్రోజెన్‌కే గర్భసంచి లోపలి పొర మళ్ళీ మందంగా పెరుగుతుంది.

ఇది మీకెలా తెలుస్తుందంటే, రక్తస్రావం ఆగాక రెండు మూడు రోజులు అక్కడ పొడిగా ఉంటుంది, తర్వాత కొంచెం జిగటగా, ఆ తర్వాత మీగడలా, చివరికి పచ్చి గుడ్డు తెల్లసొనలా పారదర్శకంగా సాగే తెల్లబట్ట వస్తుంది. బాత్‌రూమ్‌లో రెండు వేళ్ళ మధ్య పట్టి చూస్తే తెగకుండా అంగుళం, రెండంగుళాలు సాగుతుంది. దీన్ని జబ్బు అనుకుని మందుల షాపుకి వెళ్ళేవాళ్ళు, సిగ్గుతో ఎవరికీ చెప్పకుండా కుమిలిపోయేవాళ్ళు మనలో ఎంతమందో! వాసన, దురద, మంట లేకుండా అలా సాగే తెల్లబట్ట ఈస్ట్రోజెన్ బాగా ఉందనడానికి గుర్తు. పెరుగు విరిగినట్టు గడ్డలుగా వచ్చి దురద పెడుతున్నా, పచ్చగా వచ్చి వాసన వేస్తున్నా అది వేరే సంగతి, డాక్టర్‌కి చూపించాలి.

మధ్యలో ఒక రోజు: ఎల్‌హెచ్ పొంగు

ఈస్ట్రోజెన్ కొద్దికొద్దిగా ఉన్నన్నాళ్ళూ పిట్యూటరీని అదుపులో పెడుతుంది. కానీ అది బాగా పెరిగి రెండు రోజుల పాటు అలాగే నిలిస్తే కథ తిరగబడుతుంది. పొయ్యి మీద పాలు అంతసేపూ కదలకుండా ఉండి ఒక్కసారిగా పొంగినట్టు పిట్యూటరీ నుంచి ఎల్‌హెచ్ హార్మోన్ ఒక్కసారిగా పొంగుతుంది. ఆ పొంగు మొదలైన సుమారు 36 గంటలకి ఫాలికల్ పగిలి అండం బయటికి వస్తుంది. కొంతమందికి అప్పుడే ఒకవైపు పొత్తికడుపులో సన్నటి నొప్పి వస్తుంది, ఒక చుక్క రక్తం కనిపించవచ్చు. ప్రతినెలా రాకపోయినా తప్పేం లేదు.

ఈ పొంగుని పట్టుకోవడానికి మందుల షాపులో ఎల్‌హెచ్ స్ట్రిప్స్ దొరుకుతాయి, మూత్రంతో చేసుకునేవి. ఎప్పటినుంచి మొదలుపెట్టాలంటే మీ సైకిల్ పొడవులోంచి 17 తీసేయండి. 28 రోజుల వాళ్ళు 11వ రోజు నుంచి, 34 రోజుల వాళ్ళు 17వ రోజు నుంచి. పొద్దున లేవగానే కాకుండా మధ్యాహ్నం లేదా సాయంత్రం ఒకే వేళకి చేయండి, అంతకుముందు రెండు గంటలు లీటర్లకొద్దీ నీళ్ళు తాగకండి. పరీక్ష గీత పక్కనున్న కంట్రోల్ గీతంత ముదురుగా గానీ ఇంకా ముదురుగా గానీ వస్తేనే పాజిటివ్. పాలిపోయిన గీత కనబడితే పాజిటివ్ కాదు, చాలామంది దాన్ని చూసి పొరబడతారు. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగ్గా విడుదల కాని సమస్య) ఉన్నవాళ్ళలో ఎల్‌హెచ్ మామూలుగానే కొంచెం ఎక్కువ ఉండొచ్చు, అలాంటప్పుడు స్ట్రిప్ ఊరికే పాజిటివ్ చూపిస్తుంది, వాళ్ళు దాన్ని నమ్ముకోకూడదు.

డబ్బు ఖర్చు పెట్టకుండా చేసే పని ఇంకొకటుంది, థర్మామీటర్. పొద్దున మెలకువ రాగానే, మంచం దిగకముందే, మాట్లాడకముందే, నాలుక కింద పెట్టి చూడండి, రోజూ ఒకే వేళకి. అండం విడుదలయ్యాక ఒంటి వేడి సుమారు అర డిగ్రీ ఫారెన్‌హీట్, ఒక్కోసారి అంతకంటే కొంచెం ఎక్కువ పెరిగి, మళ్ళీ నెలసరి వచ్చేదాకా అలాగే ఉంటుంది. వరసగా మూడు రోజులు, అంతకుముందు ఆరు రోజుల అంకెలన్నిటికంటే ఎక్కువ వచ్చిందంటే అండం విడుదలైపోయిందనుకోవచ్చు. రాత్రి పిల్లాడు నిద్రపోనివ్వకపోయినా, జ్వరం ఉన్నా, నైట్ డ్యూటీ చేసినా ఆ రోజు అంకె పక్కన ఒక గుర్తు పెట్టి లెక్కలోంచి తీసేయండి. ఇది జరిగిపోయాక చెప్పే లెక్క, ముందుగా చెప్పదు, అందుకే తెల్లబట్టతో కలిపి చూసుకోవాలి.

పిల్లల కోసం చూస్తున్నవాళ్ళకి: అండం 12 నుంచి 24 గంటలే బతుకుతుంది, వీర్యకణాలు 5 రోజుల దాకా ఉండగలవు. అందువల్ల అండం విడుదలకి ముందు 5 రోజులు, ఆ రోజు, మొత్తం 6 రోజులే అవకాశం. సాగే తెల్లబట్ట మొదలైన రోజు నుంచే ప్రయత్నించాలి, స్ట్రిప్ పాజిటివ్ వచ్చేదాకా ఆగడం అనవసరం. పిల్లలు వద్దనుకునేవాళ్ళు మాత్రం ఈ లెక్క ఒక్కటే నమ్ముకోకండి, అండం ఒక నెలలో ముందుగా, ఇంకో నెలలో ఆలస్యంగా రావచ్చు.

వెనక నుంచి లెక్కపెట్టండి

ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి. జపాన్‌లో ఒగినో అనే డాక్టర్ 1924లో ఒక సంగతి రాశాడు, కొన్నేళ్ళకి ఆస్ట్రియాలో క్నాస్ కూడా దాదాపు అదే చెప్పాడు: అండం విడుదలను ముందటి నెలసరి నుంచి కాకుండా, రాబోయే నెలసరి నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. సైకిల్‌లో మొదటి సగమే ఎక్కువగా సాగేది, కుదించుకుపోయేది. రెండో సగం ఎక్కువమందికి 14 రోజుల దగ్గరే, కాస్త అటూ ఇటూగా 11 నుంచి 17 మధ్య ఉంటుంది. అంటే 28 రోజుల వాళ్ళకి 14వ రోజు దగ్గర, 24 రోజుల వాళ్ళకి 10వ రోజు దగ్గర, 34 రోజుల వాళ్ళకి 20వ రోజు దగ్గర.

ఇది తెలియక నేను పడ్డ బాధ చెప్తాను. పెళ్ళయిన రెండో ఏడు పిల్లల కోసం పరీక్షలు చేయించుకుంటుంటే ప్రొజెస్టెరాన్ టెస్ట్ 21వ రోజున ఇమ్మన్నారు. ఇచ్చాను. 1.1 వచ్చింది. "అండం రావట్లేదమ్మా" అన్నారు. ఆ రిపోర్ట్ పట్టుకుని బస్‌స్టాప్‌లో కూర్చుని ఏడ్చాను, మా అత్తగారికి ఏం చెప్పాలో తెలియలేదు. నీ సైకిల్ ఎన్ని రోజులు అని నన్ను ఎవరూ అడగలేదు, చెప్పాలని నాకూ తెలియదు. నాది 34 రోజుల సైకిల్. నాకు అండం వచ్చేదే 20వ రోజు దగ్గర, మర్నాడే ప్రొజెస్టెరాన్ చూస్తే ఏముంటుంది! తర్వాత ఇంకో డాక్టరమ్మ నా తేదీలు చూసి అదే టెస్ట్ 27వ రోజున చేయించారు, 13 వచ్చింది. 3 (ng/mL లెక్కలో) దాటితేనే అండం వచ్చినట్టు లెక్క. అదే మనిషి, అదే ఒళ్ళు, తేడా ఆరు రోజులు.

కాబట్టి "21వ రోజు టెస్ట్" అన్నది 28 రోజుల సైకిల్ వాళ్ళకే. మీ సైకిల్ పొడవులోంచి 7 తీసేయండి, అదే మీ రోజు. 35 అయితే 28వ రోజు, 25 అయితే 18వ రోజు. టెస్ట్ ఇచ్చాక మీకు నెలసరి ఎప్పుడొచ్చిందో కూడా రాసి చూపించండి, టెస్ట్ తర్వాత దాదాపు వారానికి వస్తే లెక్క సరిపోయినట్టు.

రెండో సగం: ప్రొజెస్టెరాన్ రోజులు

అండం బయటికి వెళ్ళాక మిగిలిన ఖాళీ ఫాలికల్ పసుపురంగు ముద్దగా మారి ప్రొజెస్టెరాన్ తయారుచేస్తుంది. అండం విడుదలైన వారానికి అది శిఖరానికి చేరుతుంది. ఈస్ట్రోజెన్ కూడా అప్పుడు రెండోసారి, కాస్త తక్కువగా పెరుగుతుంది. గర్భసంచి పొర మెత్తగా, పిండం కుదురుకోవడానికి వీలుగా తయారవుతుంది. తెల్లబట్ట తగ్గి చిక్కబడుతుంది. ఒళ్ళు కొంచెం వెచ్చగా, రొమ్ములు బరువుగా, కడుపు ఉబ్బరంగా, కొంతమందికి మలబద్ధకంగా అనిపిస్తుంది, ఆకలి పెరుగుతుంది. జాకెట్టు అదే అయినా బిగుతుగా అనిపించే ఆ నాలుగు రోజులు గుర్తొచ్చాయా, అవే ఇవి.

గర్భం రాకపోతే ఆ ముద్ద తనంతట తనే ఎండిపోతుంది, రెండు హార్మోన్లూ ఒక్కసారిగా పడిపోతాయి. ఆ పడిపోయే మూడు నాలుగు రోజుల్లోనే చిరాకు, ఏడుపు, నిద్ర పట్టకపోవడం, కొంతమందికి తలనొప్పి. ఇంట్లోవాళ్ళతో మాటామాటా అనుకున్న రోజులు మీ పుస్తకంలో వరసగా మూడు నెలలు ఇక్కడే పడుతున్నాయా చూడండి. పడుతుంటే, అది మీ స్వభావం చెడ్డదై కాదు. ముఖ్యమైన మాటలు, పెద్ద నిర్ణయాలు వీలైతే వారం వెనక్కి జరపండి. కానీ చచ్చిపోవాలనిపించేంత దిగులు ప్రతినెలా అదే రోజుల్లో వస్తుంటే దాన్ని ఓర్చుకోకండి, దానికి వైద్యం ఉంది, మీ పుస్తకం తీసుకుని వెంటనే వెళ్ళండి.

నొప్పి సంగతి. ప్రొజెస్టెరాన్ పడిపోగానే గర్భసంచి పొరలో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు పెరుగుతాయి, అవే కండరాన్ని బిగించి పిండినట్టు చేస్తాయి, కొంతమందికి విరేచనాలు కూడా అందుకే. మెఫెనమిక్ యాసిడ్ లాంటి మాత్రలు ఈ పదార్థం తయారవకుండా ఆపుతాయి, అందుకే నొప్పి భరించలేనంతగా పెరిగాక వేసుకునేకంటే మొదలవుతున్నప్పుడే, ఏదైనా తిన్నాక వేసుకుంటే బాగా పనిచేస్తాయి. అల్సర్, ఆస్తమా, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు అడక్కుండా వేసుకోకూడదు.

పొద్దున థర్మామీటర్‌లో చూసే ఒంటి వేడి పెరిగాక, అది తగ్గకుండా 18 రోజులు దాటినా నెలసరి రాకపోతే, గర్భం పరీక్ష చేసుకోండి.

ఏ టెస్ట్ ఏ రోజు

ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, ఈస్ట్రడయాల్ (ఈస్ట్రోజెన్‌లో ముఖ్యమైన రకం) రాస్తే రెండో రోజు లేదా మూడో రోజు ఇవ్వాలి, ఒకటో రోజు ఏదో తేల్చుకోమన్నది ఇందుకే. ప్రొజెస్టెరాన్ సంగతి పైన చెప్పాను. థైరాయిడ్, ఏఎంహెచ్ (అండాశయంలో అండాలు ఎన్ని మిగిలాయో అంచనా చెప్పేది) ఏ రోజైనా ఇవ్వొచ్చు. ప్రొలాక్టిన్, అంటే రొమ్ముల్లో పాలు తయారయ్యేలా చేసే హార్మోన్, అది కూడా ఏ రోజైనా సరే కానీ మెట్లెక్కి ఆయాసంతో వెళ్ళి వెంటనే ఇవ్వకండి, కాసేపు కూర్చోండి, కంగారుకి కూడా అది పెరుగుతుంది. రిపోర్ట్ వచ్చాక మీ అంకె పక్కన నార్మల్ ఎంతో చూస్తారు కదా, అక్కడ ఫాలిక్యులర్, మిడ్‌సైకిల్, ల్యూటియల్ అని మూడు వరసలుంటాయి. మొదటిది మొదటి సగం, రెండోది పొంగు రోజులు, మూడోది ప్రొజెస్టెరాన్ రోజులు. మీరు టెస్ట్ ఇచ్చింది ఎన్నో రోజో తెలియకపోతే ఏ వరస చూడాలో ఎవరూ చెప్పలేరు. రక్తం ఇచ్చేటప్పుడే మీ సైకిల్ రోజు కాగితం మీద రాయించండి.

డేట్ వెనక్కి జరిపే మాత్రలు

శ్రావణమాసం వచ్చిందంటే, పెళ్ళిముహూర్తం కుదిరిందంటే, తిరుపతి టికెట్ దొరికిందంటే మన ఇళ్ళల్లో ముందు అడిగేది ఈ మాత్రలే. వీటిలో ఉండేది నోరెథిస్టెరాన్, ప్రొజెస్టెరాన్‌లా పనిచేసే మందు. రావాల్సిన తేదీకి మూడు రోజుల ముందు నుంచి మొదలుపెట్టమంటారు, ఆపిన రెండు మూడు రోజులకి నెలసరి వస్తుంది. ఇప్పుడు అర్థమైందిగా, ఇది హార్మోన్ పడిపోకుండా నిలబెట్టడమే. రావాల్సిన తేదీ సరిగ్గా తెలియకపోతే మందు ఆలస్యమవుతుంది, పూజ రోజునే మరకలు కనిపిస్తాయి. పక్కింటావిడ మిగిల్చిన మాత్రలు వేసుకోకండి. గర్భం ఉండే అవకాశం ఉన్నా, ఎప్పుడైనా కాలిలో రక్తం గడ్డకట్టినా, లివర్ జబ్బు ఉన్నా డాక్టర్‌కి చెప్పకుండా అసలు వాడకూడదు. వీటిని వాడితే గర్భం రాదని కూడా అనుకోకండి. వాడిన నెలని పుస్తకంలో వేరుగా గుర్తుపెట్టి, సైకిల్ పొడవు సగటులో కలపకండి. ఎమర్జెన్సీ పిల్ వేసుకున్న నెల కూడా అంతే, తర్వాతి నెలసరి వారం దాకా ముందుకో వెనక్కో జరగొచ్చు.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు ఆగకుండా వెళ్ళాలి

గంటకో ప్యాడ్ తడిసిపోతూ కొన్ని గంటలు సాగితే, పది రూపాయల బిళ్ళకంటే పెద్ద గడ్డలు పడుతుంటే, 8 రోజులు దాటినా ఆగకపోతే, అండం విడుదలప్పుడు కనిపించే ఆ ఒక్క చుక్క కాకుండా మధ్యలోనో కలయిక తర్వాతో రక్తం కనిపిస్తే, గర్భం లేకుండా మూడు నెలలు రాకపోతే, నొప్పికి పనికో కాలేజీకో వెళ్ళలేకపోతుంటే. రక్తం ఎక్కువ పోయేవాళ్ళు హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి, 12 కంటే తక్కువుంటే రక్తహీనతే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి అది ఉందని తేలింది, అందుకని "అందరికీ ఉండే నీరసమే" అని వదిలేయకండి.

ఇప్పుడు అమ్మ సంగతి. నలభై రెండేళ్ళప్పుడు అమ్మకి రక్తస్రావం ఎక్కువైంది. మొదట చూసినాయన స్కానింగ్ కాగితం తిప్పి, పిల్లలు పుట్టేశారు కదా, గర్భసంచి తీసేస్తే గోల వదిలిపోతుంది అన్నారు. గర్భసంచి తీసే ఆపరేషన్లలో ఆంధ్ర, తెలంగాణ దేశంలోనే ముందు వరుసలో ఉన్నాయని సర్వేలు చెప్తున్నాయి, ఎందుకున్నాయో అమ్మని చూశాకే నాకు అర్థమైంది. అమ్మ ఒప్పుకోలేదు. రెండు పాత క్యాలెండర్లు గుడ్డసంచిలో చుట్టుకుని ఇంకొక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది. చుక్కలన్నీ చూపించి ఏ నెల నుంచి తేదీలు మారాయో తేదీలతో సహా చెప్పింది. ఆవిడ టెస్టులు రాశారు, థైరాయిడ్ అని తేలింది. రోజూ పొద్దున ఒక మాత్ర, నాలుగైదు నెలల్లో చుక్కల మధ్య దూరం మళ్ళీ మామూలైంది. ఆపరేషన్ అవసరమయ్యే జబ్బులు ఉంటాయి, కాదనను. కానీ కారణం ఏమిటి, మందులతో తగ్గదా అని రెండో డాక్టర్‌ని అడిగే హక్కు మీకుంది, అడిగేటప్పుడు చేతిలో తేదీలుంటే మీ మాటకి బలం ఉంటుంది.

మీ ఇంట్లో ఆడపిల్ల ఉంటే మొదటి నెలసరి రోజునే ఒక చిన్న నోటుబుక్ ఇచ్చి తన లెక్క తన చేత్తోనే రాసుకోనివ్వండి. మొదటి రెండు మూడేళ్ళు అండం ప్రతినెలా విడుదల కాదు, 45 రోజుల దాకా ఆలస్యమైనా కంగారు పడక్కర్లేదు. మూడు నెలలు దాటినా, లేదా 15 ఏళ్ళు నిండినా అసలు మొదలవకపోయినా చూపించాలి. ఆ పుస్తకం మీరు తీసి చదవకండి, ఏమైనా అడగాలనిపిస్తే తనే తెచ్చి చూపిస్తుంది.